స్తంభం చుట్టూ రెండు వేళ్ళ సందు

పనిరోజు 196

ఈ పుస్తకంలో రోజూ రాయాలని ఉత్తర్వు వచ్చింది. పని ఎంతవరకు అయింది, ఆటంకాలేమిటి, ఇతర విషయాలేమిటి అని మూడు గడులు గీసి మరీ పంపారు. నాకు గడుల్లో రాయడం చేతకాదు. నా పేరు వకుళ. అద్దాల ఇంజనీరుని, బందరు మనిషిని, కోపం ఎక్కువ. ఈ మూడూ ఆటంకాల కిందే వస్తాయని మా ప్రాంతీయ అధికారి ఇనాయతుల్లా గారు అంటారు కాబట్టి ముందే రాసేస్తున్నాను.

ఇవాళ ఉప్పరగుట్ట మీద నీళ్ళ తొట్టెకు ఇనుప వల మార్చాం. పాత వలకు మూడు కన్నాలు పడ్డాయి. నిన్న సాయంత్రం పడ్డ ముక్కల్లో ఒకటి తొట్టెలో తేలుతోంది. వంటాయన దాన్ని గరిటెతో పక్కకు నెట్టి అవే నీళ్ళతో ఎసరు పెట్టబోతుంటే కేకలేశాను. ఆఫీసు కాగితాల్లో వీటిని కక్ష్యా శకలాలంటారు. ఇక్కడివాళ్ళు మింటిపెంకులంటారు. పన్నెండేళ్ళ కిందట పైన రెండు ఉపగ్రహాలు గుద్దుకున్న దగ్గర్నుంచి ఒకటి పది, పది వెయ్యి అయి ఇప్పటికీ రాలుతూనే ఉన్నాయి. వాన కబురు చెప్పే ఉపగ్రహం కూడా మిగల్లేదు. రైతులు మళ్ళీ చీమల బారులు చూసి విత్తనం వేస్తున్నారు.

అసలు సంగతి స్తంభం. పెంకు ఏ ఊళ్ళో పడుతుందో ముందే లెక్కగట్టే టెలిస్కోపు నిలబడే స్తంభానికి నిన్నటితో సిమెంటు పోయడం అయిపోయింది. అది గది నేలను దాటి, మట్టిని దాటి, గుట్ట రాతి దాకా దిగింది. దానికీ గది నేలకీ మధ్య చుట్టూ రెండు వేళ్ళ సందు, నడుం లోతున, వదలమన్నాను. సుంకన్న మేస్త్రికి అది బొత్తిగా నచ్చలేదు. ఆయనకు అరవై రెండేళ్ళు. గుట్ట కింద ఊళ్ళలో పెంకులు రాలేటప్పుడు జనం దాక్కునే దాగుడుమిద్దెలన్నీ ఆయన చేతి కట్టడాలే.

"సందు ఇడిసిపెట్టి దిగిపోయినోణ్ణి మేస్త్రి అనరమ్మా, పని తెలీనోడు అంటారు" అన్నాడు.

గది నేల మీద మనిషి నడిస్తే నేల అదురుతుందనీ, ఆ అదురు స్తంభానికి పాకితే అద్దంలో చుక్క కదులుతుందనీ, ఇక్కడ చుక్క వెంట్రుకవాసి కదిలితే నేను చెప్పే ఊరు మారిపోతుందనీ చెప్పాను. తలూపాడు. ఒప్పుకున్నట్టు కాదు, నన్ను ఓర్చుకున్నట్టు.

పనిరోజు 203

కట్టుబడికి ఊరి నుంచి ఇంటికో మనిషి వస్తున్నారు. మల్లెలపెంట నుంచి వచ్చేవాళ్ళలో తిప్పమ్మ అని ఒకావిడ ఉంది. ఇసుక మోస్తుంది, మాట తక్కువ. ఇవాళ పని అయ్యాక అందరూ దిగిపోయినా ఆమె ఒక్కతే ఉండిపోయింది. కొంగులోంచి చిన్న గుడ్డమూట తీసింది.

అందులో ఉన్నది బొటనవేలంత పెంకు. నాలుగేళ్ళ కిందట గొర్రెలు కాస్తున్న ఆమె భర్త ఎర్రిస్వామి మెడలో దిగింది ఇదే. ప్రాణం తీసిన పెంకును ఇంట్లో ఉంచకూడదు, అలాగని పారేయకూడదు, పారేస్తే మరొకరి మీదికి లేస్తుందని ఇక్కడి నమ్మకం. అందుకని మూటగట్టి చూరుకు బయటి వైపు వేలాడదీస్తారు. మల్లెలపెంటలో అలాంటి మూటలున్న చూర్లు నేనే చాలా చూశాను. అవేమిటో ఎప్పుడూ అడగలేదు.

"గాలొచ్చినప్పుడల్లా గోడకు కొట్టుకుంటాది మేడం. నాలుగేండ్లాయె, నిద్ర పట్టదు. ఈ రాతి స్తంభం కాడ పెడ్తే ఇంగ లేసిరాదు గదా" అంది.

నియమం నాకు తెలుసు. సందులో ఏదీ ఉండకూడదు. అయినా లెక్క వేసుకున్నాను. వేలెడంత ముక్క, అడుగున పడుకుంటుంది, రెండు వైపులా తగలదు. సరేనన్నాను. లెక్క కంటే ముందు ఆమె ముఖమే చూశానని ఇక్కడ రాయడం న్యాయం. తిప్పమ్మ వంగి దాన్ని సందులోకి జారవిడిచి, అది అడుగుకు చేరిన చప్పుడు వినేదాకా అలాగే ఉంది. తర్వాత నాకు దండం పెట్టింది. నాకు దండాలంటే చిరాకు, కానీ ఇవాళ రాలేదు.

పనిరోజు 205

పెద్దద్దం తేవడానికి కోస్తాకు బయలుదేరుతున్నాను. రానూ పోనూ పదహారు రోజులు. గది నేల నునుపు చెయ్యడం, గుమ్మటం పట్టాలు బిగించడం మేస్త్రికి అప్పగించాను. సందులోకి ఎలుకలు పోకుండా పైన రబ్బరు పట్టీ వేయమన్నాను.

పనిరోజు 221

అద్దం పగలకుండా వచ్చింది, నా నడుమే విరిగింది. గుమ్మటం ఒక్క వేలితో నెడితే తిరుగుతోంది. సుంకన్న పనికి వంక పెట్టలేం. సందు మీద రబ్బరు పట్టీ నీటుగా వేసి ఉంది. దాని చుట్టూ పసుపు, కుంకుమ, నాలుగు బంతిపూలు. మా టెలిస్కోపుకు అప్పుడే గుడి కట్టేశారా అని ఏడిపించాను. ఎవరూ నవ్వలేదు. పట్టీ ఎత్తి చూశాను, కింద సందు ఉంది. సంతోషించాను.

పనిరోజు 233

పెంకుల్ని చూడాలంటే కింద చీకటి, పైన ఎండ ఉండాలి. తెల్లవారుజామున నలభై నిమిషాలు, పొద్దుగూకాక నలభై నిమిషాలు. అదే మా పంట కాలం. ఇవాళ ఆ నలభై నిమిషాల్లో మొదటిసారి చుక్కను పట్టుకున్నాం.

ఆవగింజలా ఉండాల్సిన చుక్క బియ్యపుగింజలా సాగి కనిపించింది. గుమ్మటం తిరిగినప్పుడు ఇంకా సాగింది. గాలి అనుకున్నాను.

పనిరోజు 240

గాలి కాదు. మోటారు కాదు. కెమెరా బిగింపు కాదు. మూడు సార్లు విప్పి మూడు సార్లు బిగించాను. ఈలోగా వంటాయన మీద, డ్రైవరు మీద, ఎవరూ దొరక్కపోతే గోడ మీద అరిచాను. ఆడలేక మద్దెల ఓడంటారని నాకూ తెలుసు, కానీ ఈ మద్దెలను నేనే చేశాను.

తీగఫోనులో ఇనాయతుల్లా గారు దొరికారు. టెలిస్కోపు పరీక్ష గడువు 250 నుంచి 275 దాకా. మేం చెప్పే చోటుకూ పెంకు పడే చోటుకూ తేడా రెండు కిలోమీటర్లు దాటుతూ ఉంటే, గుట్ట కింద పదిహేడు ఊళ్ళనూ కన్నులేని ప్రాంతమని ప్రకటించి, జనాన్ని సముద్రం వైపు శిబిరాలకు తోలేస్తారు. ఆయన చెడ్డవాడు కాదు. శిబిరాల్లో మూడేళ్ళు పనిచేసి వచ్చారు. అక్కడ ఎలా ఉంటుందని అడిగాను.

"తిండి పెడతారు వకుళా. అంతే" అన్నారు.

పనిరోజు 252

ఈ రోజు గురించి తడుముకోకుండా రాయాలి.

సాయంత్రం ఒక పెంకు ఆఖరి చుట్టులో ఉందని తేలింది. తొంభై నిమిషాల్లో ఇంకోసారి మా మీదికి వచ్చి రాలిపోతుంది. లెక్క కట్టి, మల్లెలపెంట వాళ్ళు దాగుడుమిద్దెలోకి పోవాలని, ఎర్రదొడ్డికి భయం లేదని తీగల మీద కబురు పంపాను. అది ఎర్రదొడ్డిలో పడింది. ఆరు కిలోమీటర్ల తేడా.

అక్కడ గానుగ ఆడించే మద్దిలేటి మిద్దె మీద ఆరబోసిన వేరుశనక్కాయలు ఎత్తుకుంటున్నాడు. కుడి భుజం ఎముక నుజ్జయింది. ప్రాణం దక్కింది. ఆ చెయ్యి ఇంక గానుగకు పనికిరాదని డాక్టరు చెప్పాడు. చూడటానికి వెళ్ళాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది.

"నువ్వు భయం లేదని చెప్పినావనే మిద్దెక్కినా మేడం" అన్నాడు మెల్లగా.

పనిరోజు 255

మరో రెండు హెచ్చరికలు, రెండూ తప్పు. ఒకటి ఐదు కిలోమీటర్లు, ఒకటి ఏడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ నమ్మకం పోయింది. ఇప్పుడు సగం మంది సైరను మోగితే కదలకుండా ఇంట్లోనే కూర్చుంటున్నారు. మిగతా సగం ఏ ఊరి పేరు చెప్పినా వినకుండా దాగుడుమిద్దెలోకి దూరుతున్నారు. గుట్ట మీది కన్ను కంటే సుంకన్న కప్పు నయం అనే మాట సంతలో మా వంటాయన చెవిన పడింది. నిజమే కదా, ఏడేళ్ళుగా ఆ కప్పు ఒక్కణ్ణీ చంపలేదు.

పనిరోజు 258

దొరికింది.

తెల్లవారుజామున గుమ్మటం మోటారు మొరాయిస్తే ఆపేసి, ఒక్కదాన్నే తెర ముందు కదలకుండా కూర్చున్నాను. చుక్క ఆవగింజలా నిలబడింది. ఇన్నాళ్ళలో మొదటిసారి. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. అప్పుడు సుంకన్న టీ తీసుకుని లోపలికి వచ్చాడు. ఆయన అడుగు వేసిన ప్రతిసారీ చుక్క ఎగిరింది. ఆయన ఆగితే ఆగింది. మళ్ళీ నడవమన్నాను. మళ్ళీ ఎగిరింది.

రబ్బరు పట్టీ చింపేసి, ఇనుప ఊచ సందులోకి దింపాను. జానెడు లోతుకే ఠంగుమంది.

ఎవరు పూడ్చారని అడిగాను.

"నేనే" అన్నాడు, టీ గ్లాసు కింద పెడుతూ. "మీరు కోస్తాకు పోయినాక ఒక్కొక్కరు మూట తెచ్చినారు. తిప్పమ్మదితో కలిపి ఇరవై మూడు. ఊరికే పడేస్తే గలగలమంటాయి, చచ్చినోళ్ళకు మర్యాద గాదని సున్నం, ఇసక పోసి గట్టిగా కూర్చినా. పైన జానెడు సందు మీరు చెప్పినట్టే ఇడిసినా. తిప్పమ్మకు సరే అనింది మీరే గదమ్మా. ఒకరికి సరే అంటే ఊరికి సరే అన్నట్టే గదా."

స్తంభాన్నీ నేలనూ కలిపేసింది ఆయన సున్నం. ఆ సున్నానికి దారి తీసింది నా నోటి మాట. కోపం రావాల్సిన చోట నాకు సిగ్గు వచ్చింది. మద్దిలేటి భుజం గుర్తొచ్చి అక్కడే నేల మీద కూలబడ్డాను. సుంకన్నకు విషయం అర్థమవుతున్న కొద్దీ ఆయన కూడా నా పక్కనే చతికిలబడ్డాడు. టీ చల్లారిపోయింది.

పనిరోజు 259

ఇనాయతుల్లా గారికి అంతా చెప్పాను. పరికరంలో లోపమని రాసి సరిచేయమన్నారు. అలా రాస్తే ఎవరి మీదికీ రాదు, ఊరివాళ్ళ మీదికి అసలే రాదు అన్నారు. మా మేలు కోరే అన్నారు.

కానీ ఇది రేపు ఇంకో గుట్ట మీద కట్టేవాళ్ళు చదవాల్సిన పుస్తకం. అందుకని రాస్తున్నాను. 252 నుంచి 257 వరకు తప్పుడు హెచ్చరికలకు కారణం, స్తంభం సందులో వస్తువు పెట్టడానికి నేను ఇచ్చిన అనుమతి. మేస్త్రి తప్పు లేదు. ఊరి తప్పు లేదు. మద్దిలేటి చెయ్యి నా లెక్కలోది.

అలా రాస్తే పరీక్ష గడువు కాగానే నన్ను తప్పించక తప్పదని చెప్పారు. తెలుసన్నాను.

పనిరోజు 260

మల్లెలపెంట రచ్చబండ దగ్గర అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. మూటలు తీయాలి, తీయకపోతే ఊళ్ళు ఖాళీ. నాకు జనం ముందు మాట్లాడటం రాదు, గణితం లెక్కంతా ఏకరువు పెట్టాను. ఎవరికీ ఎక్కలేదు. ఎక్కిందల్లా ఒకటే, పెట్టమన్న నోటితోనే తీయమంటోంది.

తిప్పమ్మ లేచి నిలబడింది. "ఎనిమిది వారాలుగా నిద్రపోతాండా మేడం. మల్లా దాన్ని తెచ్చి నా చూరుకు కట్టుకోమంటావా?" అంది.

ఆమె వెనకే ఇంకో పది మంది లేచారు. అప్పుడు సుంకన్న, తల ఎత్తకుండానే, సున్నం పోసింది తానేననీ, మూటలన్నీ తన ఇంటి ముందర గుంత తీసి పెట్టుకుంటాననీ చెప్పాడు. ఇరవై మూడు చావుల్ని ఒక గడప ముందు పెట్టుకోవడమంటే వీళ్ళకు ఏమిటో లేచినవాళ్ళు ఒక్కొక్కరే కూర్చుండిపోతుంటే నాకు తెలిసింది. ఆయన భార్య గుంపులోనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ వద్దనలేదు.

పనిరోజు 263

మూడు రోజులు పట్టింది. రెండు వేళ్ళ సందులో నడుం లోతు గచ్చును పొడవాటి ఉలులతో రాలగొట్టి, కొక్కేలతో పైకి లాగాలి. సుంకన్న తన చేతి గట్టిదనాన్ని తానే తిట్టుకుంటూ కొట్టాడు. ఒక్కో మూట బయటికి రాగానే అది ఎవరిదో చెప్పి పక్కన పెట్టాడు.

ఆఖరున అడుగున మిగిలింది తిప్పమ్మది. ఆమె పొద్దునే వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. కొక్కెం తానే తీసుకుని, తానే లాగి, దాన్ని సుంకన్న అరచేతిలో పెట్టింది. నా వైపు చూడలేదు.

సాయంత్రం గదిలో ఆరుగురిని గుండ్రంగా నడిపించాను. చుక్క కదల్లేదు.

పనిరోజు 267

మూడు పెంకులు, మూడూ బయలు పొలాల్లో పడ్డాయి. తేడాలు మూడు వందల మీటర్లు, నూట ఎనభై, రెండు వందల యాభై. ఇనాయతుల్లా గారు ఫోనులో సంతోషం ఆపుకోలేకపోయారు. ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. నిన్న సైరను మోగితే మల్లెలపెంటలో సగం ఇళ్ళ తలుపులు తెరుచుకోనే లేదు.

పనిరోజు 271

తెల్లవారుజాము ఐదూ ఇరవైకి ఒక పెద్దది కనిపించింది. పాత రాకెట్టు ఇంధనం ట్యాంకు, తొమ్మిది వందల కిలోలు. ఉత్తరాన మాలాగే ఆకాశం చూసే ఇంకో కేంద్రం కూడా అదే కొలత పంపింది. ఆరూ యాభై రెండుకు మళ్ళీ వస్తుంది, రాలుతుంది. పటం మీద అర కిలోమీటరు వెడల్పు పట్టీ గీస్తే అది మల్లెలపెంట తూర్పు వీధి మీదుగా పోయింది. దాగుడుమిద్దె ఆ పట్టీ నడిమధ్యలో ఉంది.

దాగుడుమిద్దెలు చేతిలో పట్టేంత పెంకులకు కట్టినవి. జనమంతా ఊరికి పడమట, కాలువ అవతలి శనగ చేలోకి పోయి ఆకాశం కింద నిలబడాలి. పన్నెండేళ్ళుగా ఆకాశం కింద నిలబడొద్దని చెప్పింది మేమే.

సుంకన్నను జీపులో ఎక్కించుకుని దిగాను. దారిలో బరువెంతని అడిగాడు, చెప్పాను. తర్వాత ఊరొచ్చేదాకా వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు.

మేం వెళ్ళేసరికే సైరను విని నూట నలభై మంది దాగుడుమిద్దెలో ఉన్నారు. మిగతావాళ్ళు ఇళ్ళలో పొయ్యిలు రాజేసుకుంటున్నారు. నేను గుమ్మంలో నిలబడి బయటికి రమ్మన్నాను. పోయినసారి లోపలికి పొమ్మంటివి, ఈసారి బయటికి రమ్మంటివి అని ఎవరో నవ్వారు. నేనే ముందు పోయి చేలో నిలబడతానన్నాను. అయితే పోయి నిలబడమన్నారు. కొలతలు చెప్పాను. అరిచాను. బతిమాలాను. టైము ఆరు దాటింది.  

సుంకన్న నన్ను పక్కకు జరిపి గుమ్మంలోకి వచ్చాడు.

"ఈ కప్పు నిలవదు. బయటికి రాండి" అన్నాడు.

అందరిలోకీ పెద్దవాడు పెన్నోబులేసు గోడకు ఆనుకుని కూర్చున్నవాడు అలాగే అడిగాడు. "సెంట్రింగు ఇప్పిననాడు దీని కిందనే నిలబడి బీడీ కాల్చుకుంటివి గదప్పా. ఏడేండ్లు నిలిచింది ఈపొద్దు నిలవదా?"

కప్పు కింద ఆనించిన కర్రలు తీసేటప్పుడు దాన్ని పోసిన మేస్త్రి కిందే నిలబడాలని ఇక్కడ రివాజు. నిలబడనివాణ్ణి మళ్ళీ ఎవరూ పనికి పిలవరు. తన కప్పు నిలవదని మేస్త్రి పదిమందిలో అనడం వీళ్ళెవరూ ఎప్పుడూ విని ఉండరు.

"ఆపొద్దు లెక్క నాది, నిలబడినా. ఈపొద్దు లెక్క ఆమెది" అన్నాడు సుంకన్న. "ఇది బస్తా బరువుకు కట్టిన కప్పు. వచ్చేది పది బస్తాల బరువు. కట్టినోణ్ణి నేను చెప్తాండా, నిలవదు. నా మాట మీద రాండి."

పెన్నోబులేసు ఆయన ముఖంలోకి చూసి, చెయ్యి అందించమని చాచాడు. ఆ తర్వాత అందరూ లేచారు. తిప్పమ్మ అప్పటికే తూర్పు వీధిలో తలుపులు బాదుతోంది. ఇళ్ళలో ఉన్నవాళ్ళు కూడా, సుంకన్నే రమ్మన్నాడట అని చెప్పుకుంటూ వచ్చారు. ఆరూ నలభైకి ఊరంతా శనగ చేలో ఉంది. చేటలు, తపేలాలు, ఇనుప టోపీలు తలల మీద పెట్టుకుని, ఎండలో.

అది నలభై సెకన్లు ఆలస్యంగా వచ్చింది. పగటి వెలుతురులోనూ తెల్లటి గీత స్పష్టంగా కనబడింది. తర్వాత వరసగా మూడు చప్పుళ్ళు, కాళ్ళ కింద నేల అదురు, తూర్పు వీధి మీద దుమ్ము.

రెండు ఇళ్ళు నేలమట్టమయ్యాయి. ఒకటి పెన్నోబులేసు కొడుకుది. ఆ రెండిళ్ళలో తొమ్మిది మంది ఉంటారు. తొమ్మిది మందీ చేలో ఉన్నారు. దాగుడుమిద్దె అక్కడికి నూట నలభై మీటర్ల దూరం. దానికి సున్నం పెచ్చు కూడా ఊడలేదు.

జనం తిరిగి వచ్చి కూలిన ఇళ్ళను చూశారు, ఏడ్చారు, ఆ తర్వాత మిద్దెను చూశారు. కప్పు నిలిచే ఉందే అన్నారు ఒకరిద్దరు. ఎత్తిపొడుపు కాదు, ఊరికే అన్నారు. సుంకన్న విన్నాడు. ఇటుకలు తీయడానికి కూలిన ఇంట్లోకి పోయాడు.

పనిరోజు 275

పరీక్ష గడువు ముగిసింది. గచ్చు తీశాక చేసిన అంచనాల్లో ఏదీ మూడు వందల మీటర్లు దాటలేదు. పదిహేడు ఊళ్ళూ ఎక్కడివక్కడే ఉంటాయి. ఈ కబురుతో పాటే నా బదులు ఇంకో ఇంజనీరు 280న వస్తున్నారన్న కబురూ వచ్చింది. రెండూ న్యాయమే. మొదటిది చెప్పడానికి మద్దిలేటి ఇంటికి పోయాను. ఎడమ చేత్తో గానుగ ఎద్దుకు గడ్డి వేస్తున్నాడు. విని, మంచిది మేడం అన్నాడు. కూర్చోమనలేదు.

అక్కడి నుంచి మల్లెలపెంట వెళ్ళాను. సుంకన్న ఇంట్లో లేడు. ఆయన ఇంటి ముందు కొత్తగా పూడ్చిన గుంత మీద మట్టి ఇంకా పచ్చిగా ఉంది. దాన్ని తప్పించుకుని లోపలికి రమ్మని ఆయన భార్య చెప్పింది. మేస్త్రి దాగుడుమిద్దె దగ్గర ఉన్నాడంది.

మిద్దె గుమ్మం పైన రాతి మీద, దాన్ని కట్టిన మేస్త్రి పేరు చెక్కి ఉంటుంది. ఉప్పర సుంకన్న అని, ఏ సంవత్సరమో కూడా. ఆయన పీట మీద నిలబడి ఆ పేరును ఉలితో చెక్కి తీసేస్తున్నాడు. ఇంటి పేరు అప్పటికే పోయింది.

నేను నిలదీశాను. కప్పు నిలిచింది కదా అన్నాను. ఆ ట్యాంకు నూట నలభై మీటర్లు ఇటు పడి ఉంటే మీరన్నదే జరిగేది, మీరు అబద్ధం చెప్పలేదు అన్నాను. మీ పేరు తీస్తే నేనూరుకోను అని కూడా అన్నాను. నాకు ఎలాగూ ఐదు రోజులే అధికారం.

ఆయన కొట్టడం ఆపలేదు. "అబద్ధం గాదని నాకు తెలుసమ్మా, మీకు తెలుసు. వాళ్ళకు కనపడింది నిలిచిన కప్పు. ఈసారి మీ తర్వాతోళ్ళు బయటికి రాండి అన్నప్పుడు, ఈ పేరు సూసి ఒకడైనా లోపలే కూచుంటాడు. సుంకన్న కప్పు గదా అని" అన్నాడు.

ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. పీట ఊగుతుంటే పట్టుకుని నిలబడ్డాను. రాతి పొడి నా చేతుల మీద పడింది. ఆయన చివరి అక్షరం కూడా చెక్కేసి, దుమ్మును అరచేత్తో తుడిచి, ఆ చోట సున్నం పూసి ఇంటికి పోయాడు.